అలుగు మీద అడుగెత్తు బస్తాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు వరి పొట్టకొచ్చే వేళకి పాత పట్టా చెరువుల (సొంత పట్టా ఉన్న చెరువులు) అలుగు మీద, అంటే నిండిన చెరువులో ఎక్కువైన నీరు పొర్లిపోయే కట్టడం మీద, అడుగెత్తున ఇసుక బస్తాలు పేరుస్తుంటారు. ఆఖరి తడికి నీళ్లు చాలవేమోనన్న రైతు భయాన్ని తప్పుపట్టలేం. కానీ తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. సరిగ్గా బస్తాలు అలుగు మీద ఉండే రోజులవి.

లెక్క చూడండి. 10 మీటర్ల పొడవున్న అలుగు మీద నీరు 90 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు 14 ఘనపు మీటర్లకు పైగా బయటికి పోతుంది. అందులో 30 సెంటీమీటర్లు బస్తాలు తినేస్తే, మిగిలిన 60లో పోయేది 8 లోపే. గట్టు అంతే ఉంది, వరద అంతే ఉంది, దారి మాత్రం దాదాపు సగమైంది. మిగతా నీరు గట్టు మీద నుంచి పొర్లుతుంది. మట్టిగట్టు పొర్లిందంటే గండి పడ్డట్టే. తుపాను కబురొచ్చాక తీసేద్దాంలే అనుకుంటారు గానీ, నడిరాత్రి, పారే నీళ్లలో, తడిసి బరువెక్కిన బస్తాని లాగడం మనుషుల తరం కాదు. నీళ్లు కావాలంటే ఎండాకాలం పూడిక తీయాలి. బస్తాలు అసలే వద్దు.

గట్టుకి ముప్పు వచ్చే రెండో చోటు మదుము, అంటే చెరువు నీటిని పొలాలకు వదిలే తూము. సున్నంతో కట్టిన రాతికీ దాన్ని ఆనుకున్న మట్టికీ మధ్య ఏళ్లు గడిచేకొద్దీ సందు పడుతుంది. గట్టు వెనక, అంటే చెరువు నీళ్లు లేని వైపు, మదుము పక్కన ఊరే నీటిని గాజు గ్లాసులో పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే గట్టు లోపల్నుంచి కొట్టుకుపోతోందన్నమాట. తేటగా ఉంటే, వారానికోసారి 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో, ఆ రోజు చెరువు మట్టంతో సహా రాసుకోవాలి. మట్టం మారకుండా సెకన్లు తగ్గుతున్నాయంటే ఊట పెరుగుతోంది.

బురద ఊటని బంకమట్టితో మూసేయడం అందరూ చేసే తప్పు. లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకో దారి చూసుకుంటుంది. అందుకే ఊట మీద ముందు ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర, ఒక్కోటి జానెడు మందాన పరవాలి. నీరు బయటికి రావాలి, మట్టి ఆగాలి. చెరువు మట్టం కూడా తగ్గించాలి, అదీ రోజుకి అడుగు మించకుండా. ఒక్కసారిగా దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి కొన్ని షరతులతోనే. ఊరి చెరువు గట్టు అంత ఎత్తు ఎక్కడుంటుంది? పట్టాదారు వారసులు విశాఖలోనో బరంపురంలోనో ఉంటే, గండి పడితే మునిగే ఇళ్లు గట్టు కిందే ఉంటాయి. అందుకే వారసులూ ఆయకట్టు రైతులూ వానలకు ముందే కాగితం రాసుకోవాలి: బస్తా పెట్టబోమని, మరమ్మతు ఖర్చు ఎవరిదెంతని. ట్రాక్టరు ఇసుక, ట్రాక్టరు కంకర గట్టు పక్కనే పోసి ఉంచాలి. మదుము తాళం గట్టు కింది ఊళ్లోనే ఉండాలి.