జట్టు పని ఎవరి పని?

ప్రాజెక్టు పనికి కూడా మార్కులుండే ఫార్మేటివ్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో జిరాక్స్ షాపుల దగ్గర సాయంత్రం పూట ఒకటే రద్దీ. ‘అన్నా, నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు కావాలి, కలర్లో తియ్యి’ అని ఒక పిల్లాడు అడుగుతాడు. షాపు కుర్రాడికి ఇది కొత్త కాదు. నిరుటి ఫైలు కంప్యూటర్లోనే ఉంటుంది. దాన్ని తెరిచి, పేర్లు మార్చి, నాలుగు పేజీలు తీసి చేతిలో పెడతాడు. అట్ట మీద ఐదుగురి పేర్లు. ఆ ఐదుగురిలో షాపుకు వచ్చినవాడు ఒకడు, డబ్బులిచ్చినవాడు ఒకడు. చార్టు మీద స్కెచ్ పెన్నుతో అక్షరాలు దిద్దిపెట్టింది దస్తూరి బాగుంటుందని పేరున్న ఒక ఆడపిల్ల. మిగిలిన ఇద్దరికీ ప్రాజెక్టు దేని మీదో కూడా తెలీదు. మార్కులు మాత్రం ఐదుగురికీ ఒకటే.

మన బడుల్లో ఇవాళ జట్టు పని అంటే చాలాచోట్ల ఇదే. ఇది మాకు బాధగా ఉంది. ‘జట్లలో చర్చించండి’ అన్న మాట మన పాఠ్యపుస్తకాలకు కొత్తదేం కాదు. పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో పిల్లలు చిన్న తరగతుల నుంచే చదువుతూ వచ్చిన మాట అది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా సహకారాన్ని, జట్టుగా పనిచేయడాన్ని జీవన నైపుణ్యాల్లో చేర్చింది. కాగితం మీద లోటేమీ లేదు. క్లాసులో ఆ వాక్యం వచ్చేసరికి మాత్రం ‘ఇది ఇంటి దగ్గర చూసుకోండి’ అని పేజీ తిప్పేయడమో, నలుగురిని ఒక బెంచీ మీదకు చేర్చి చర్చ అయిపోయిందనిపించుకోవడమో జరుగుతోంది. నలుగురు పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన అది జట్టు కాదు.

ఎప్పుడు అవుతుందో ఈ మధ్య కళ్లారా చూశాం. రాజాం దాటి వెళ్లే దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఎనిమిదో తరగతి సోషల్ పీరియడ్. పాఠం మన నదులు. టీచరమ్మ పిల్లల్ని నలుగురేసి చొప్పున విడదీసి, ప్రతి జట్టుకూ నాలుగు కాగితాలు ఇచ్చారు. ఒకదాంట్లో ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, తోటపల్లి మీదుగా వచ్చి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే నాగావళి. ఇంకోదాంట్లో సీతానగరం వంతెన కింద నుంచి పారే సువర్ణముఖి. మూడోదాంట్లో పాచిపెంట కొండల్లో పుట్టి పారాది వంతెన కింద నుంచి వచ్చే వేగావతి. నాలుగోదాంట్లో తోటపల్లి, మడ్డువలస, నారాయణపురం ఆనకట్టల సంగతులు. ఎవరి కాగితం వాళ్లే చదవాలి, పక్కవాళ్లకు చూపించకూడదు. నోటితో చెప్పాలి. బోర్డు మీద ఒకటే ప్రశ్న: ఈ మూడు నదులూ ఎక్కడ కలుస్తాయి? జవాబు ఏ ఒక్క కాగితంలోనూ లేదు.

ముందు వేగావతి కాగితం వచ్చినవాళ్లంతా ఒకచోట, నాగావళి వాళ్లంతా ఇంకోచోట, అలా నాలుగు గుంపులుగా చేరి పది నిమిషాలు చదువుకున్నారు. తెలియని మాటలు అక్కడే ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. తర్వాత ఎవరి జట్టులోకి వాళ్లు వచ్చేశారు.

మేం చూస్తున్న జట్టులో వేగావతి ఒక అబ్బాయి వంతు. చదువులో వెనకబడిన పిల్లాడని టీచరమ్మ మాకు ముందే చెప్పారు. కాగితం పట్టుకుని రెండు వాక్యాలు గొణిగాడు. ఎవరికీ వినబడలేదు. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి అదే జట్టులో ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ అమ్మాయికి ఈ అబ్బాయితో పనే లేదు. ఇప్పుడు అతను చెబితే తప్ప ఆమెకు దారి లేదు. ‘సరిగ్గా చెప్పరా, ఏ ఊర్ల మీంచి వస్తాది?’ అని నిలదీసింది. అబ్బాయి కాగితం పక్కన పెట్టేశాడు. బోర్డు దగ్గరకెళ్లి సుద్దముక్క తెచ్చుకుని నేల మీద వంకరగా ఒక గీత గీశాడు. ‘ఇదిగో, మా తాతోళ్ల ఊరు ఇక్కడ. శివరాత్రికి సంగాం ఎల్తాం కదా. అక్కడే ఈ ఏరు పెద్దేట్లో కలుస్తాది’ అన్నాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆ గీత వైపే చూసి, అతని చేతిలో సుద్దముక్క తీసుకుని తన సువర్ణముఖిని తెచ్చి అక్కడ కలిపింది. మూడోవాడు నాగావళి గీశాడు. వంగర మండలం సంగాం ఆ క్లాసురూము నేల మీద వాళ్ల చేతుల్లోనే తేలింది.

మమ్మల్ని ఎక్కువగా కట్టిపడేసింది ఆ తర్వాత జరిగింది. చేతులెత్తిన పిల్లలు ఎందరో ఉన్నా టీచరమ్మ వాళ్లను లేపలేదు. అదే జట్టులో అంతసేపూ పెద్దగా మాట్లాడని, ఆనకట్టల కాగితం చదివిన అమ్మాయిని లేపి ‘వేగావతి గురించి నువ్వు చెప్పమ్మా’ అన్నారు. తన కాగితం గురించి కాదు, పక్కవాడి కాగితం గురించి. ఆ అమ్మాయి తడబడుతూ చెబుతుంటే కింద కూర్చున్న అబ్బాయి పెదవులు తనకు తెలియకుండానే కదులుతున్నాయి. తను సరిగ్గా చెప్పాడో లేదో అక్కడ తేలిపోతుంది మరి. ఆ టెన్షన్ అతని మొహంలో కనబడింది. బహుశా బడిలో అతనికి ఇంకొకరి కోసం కలిగిన మొదటి టెన్షన్ అదేనేమో.

ఈ పద్ధతికి యాభై ఏళ్లు దాటాయి. 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని మొదలుపెట్టారు. అప్పటిదాకా విడివిడి బడుల్లో చదివిన తెల్ల, నల్ల, హిస్పానిక్ పిల్లల్ని ఒకే క్లాసులో వేస్తే రోజూ గొడవలే. కలిసి ఉండండని నీతులు చెబితే పనవదని, ఒకరితో ఒకరికి నిజమైన అవసరం కల్పించాలని ఆయన గ్రహించారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లాడికీ ఒక్కో ముక్క ఇచ్చారు. ఆ కథ మనకు దూరం కాదు. మన ఊళ్లలో వీధుల్ని ఇప్పటికీ కులం పేరుతోనే పిలుస్తున్నాం. బడిలో బెంచీ ఒకటే అయినా బడి వదిలాక పిల్లలు నడిచే దారులు వేరు. ఒక వీధి పిల్లాడికి తెలిసిన విషయం కోసం ఇంకో వీధి పిల్ల చెవి ఒగ్గి వినాల్సిన అవసరం మన పిల్లలకు రోజులో ఎన్నిసార్లు వస్తోంది?

జట్టు అనగానే అంతా మంచే జరుగుతుందని మేం అనడం లేదు. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచి, 1913లో ఆ లెక్కలు ప్రచురించారు. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలంతో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కరి వాటా దాదాపు సగానికి పడిపోయింది. అందరి చేతులూ తాడు మీదే ఉంటాయి, ఎవడు లాగుతున్నాడో ఎవడు ఊరికే పట్టుకున్నాడో బయటికి తెలీదు. జిరాక్స్ షాపు ప్రాజెక్టు కూడా అలాంటి తాడే. అదే మన తప్పెటగుళ్ళ బృందాన్ని చూడండి. రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్ళు వాయిస్తూనే ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. అక్కడ ఊరికే పట్టుకుని నిలబడటం కుదరదు. కింద ఒక్కడు కాలు సడలిస్తే పైవాడు నేల మీద ఉంటాడు. ఎవరి పని ఏమిటో చూసేవాళ్లందరికీ తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిల్లలు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ జాతరల్లో చూస్తున్నదే ఇది. బడిలో జట్టు పని కూడా అలా ఉండాలని మా కోరిక. ఎవరి వాటా వాళ్లకు విడిగా ఉండాలి, ఒకరి వాటా లేకపోతే ఇంకొకరి పని ఆగిపోవాలి.

తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘మా పాప కష్టపడి చదువుకుంటాది. వేరేవాళ్లకి చెప్తూ కూర్చుంటే దాని టైం వేస్టు కాదా?’ ఈ మాట అన్న తల్లిని తప్పుపట్టలేం. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే ఆధారపడి ఉంది. హైదరాబాదులోనో చెన్నైలోనో కూలి పని చేసి డబ్బు పంపే తండ్రికి ఆ సీటు అంటే ఇంటి తలరాత మారడమే. కానీ లెక్క చేయడం వేరు, చేసిన లెక్కను ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం వేరు. రెండోది చేయాలంటే ఆ పాప తనకు నిజంగా ఎక్కడ తెలుసో, ఎక్కడ బట్టీ పట్టిందో తనే చూసుకోవాల్సి వస్తుంది. పక్కవాడు అమాయకంగా ‘ఎందుకు?’ అని అడిగిన చోట ఆగిపోయిందంటే, పరీక్షలో ప్రశ్న తిప్పి అడిగినా అక్కడే ఆగిపోయేది. చెప్పిన పిల్లకే ఎక్కువ లాభం. కస్తూర్బా విద్యాలయాల్లో, హాస్టళ్లలో రాత్రి స్టడీ అవర్లో ఎవరూ చెప్పకపోయినా పిల్లలు ఇద్దరేసి కూర్చుని ఒకరికొకరు అప్పజెప్పుకోవడం చూస్తూనే ఉంటాం. పగలు అదే పని క్లాసులో చేస్తే ‘మాటలాపండి’ అంటున్నాం.

ఇంకో సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. పాఠం ఇంగ్లీషు మీడియంలో ఉంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ తెలుగు కూడా పుస్తకాల తెలుగే. పిల్లాడికి విషయం నిజంగా బుర్రకెక్కేది పక్కనున్నవాడు ‘ఒరే, ఇది ఏటంటే...’ అని మొదలుపెట్టినప్పుడే. ఆ ఒక్క మాటలో ఉన్న చనువు ఏ గైడులోనూ దొరకదు. యాసలో చెప్పాడని పిల్లాణ్ని సరిదిద్దేస్తే ఆ పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు ఆ భాష మాట్లాడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్చుకున్నారు. పంతులే పక్కవాడి దగ్గర నేర్చుకున్న నేల ఇది.

పిల్లలు పిల్లలకు చెప్పడం మన వీధిబడుల్లో ఉన్నదే. కాస్త పెద్దపిల్లాడు చిన్నవాడి వేలు పట్టుకుని ఇసుకలో దిద్దించేవాడు. 1789లో మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి దాన్ని తన బడిలో ప్రవేశపెట్టి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో ఇంగ్లండులో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడ అది ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించింది. అయితే అందులో పెద్దపిల్లాడు చిన్న పంతులైపోయి మిగతావాళ్ల మీద అజమాయిషీ చేసేవాడు. మేం అడుగుతున్నది అది కాదు. ఇప్పుడు చాలా క్లాసుల్లో కనబడే ‘లీడరు’ కూడా ఆ కోవలోకే వస్తాడు. అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడరు జట్టును నడపలేడు.

వివిధ దేశాల పిల్లల చదువును పోల్చి చూసే పిసా పరీక్షల్లో 2015లో పదిహేనేళ్ల పిల్లలకు కలిసి సమస్యను పరిష్కరించే నేర్పు ఎంత ఉందో కూడా కొలిచారు. సింగపూర్ ముందు నిలిచింది. పాల్గొన్న ప్రతి దేశంలోనూ ఆడపిల్లలు మగపిల్లల కంటే బాగా చేశారు. మన దేశం అప్పుడు ఆ పరీక్షలో పాల్గొనలేదు. మన జట్లలో ఆడపిల్లకు ఇచ్చే పని చార్టు మీద అక్షరాలు దిద్దడం.

టీచర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. నాలుగు కాగితాలు తయారు చేయడానికి ఆ టీచరమ్మకు ఒక ఆదివారం సాయంత్రం పట్టిందట. సిలబస్ పూర్తవాలి, ఫోన్లో వివరాలు అప్‌లోడ్ చేయాలి, పదో తరగతికి ప్రత్యేక తరగతులు తీసుకోవాలి. పిల్లలు మాట్లాడుకుంటుంటే క్లాసు గోలగా ఉంటుంది, తనిఖీకి వచ్చిన అధికారికి ఆ గోల అదుపు తప్పిన క్లాసులా కనబడుతుంది. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఒక్క టీచరే ఐదు తరగతులూ చూడాలి. నిజానికి పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం అక్కడ గత్యంతరం లేక ఎప్పటి నుంచో నడుస్తోంది. దాన్ని లోటుగా కాకుండా పద్ధతిగా చూసి ఆ టీచర్ల అనుభవాన్ని మిగతావాళ్లు అడిగి తెలుసుకుంటే మేలు.

మేం అడిగేది పెద్ద పథకం కాదు. వారానికి ఒక్క పీరియడ్, ఏ సబ్జెక్టయినా సరే, ఇలా పంచుకునే పాఠానికి కేటాయించాలి. కొనితెచ్చిన ప్రాజెక్టుకు మార్కులు ఆపాలి. ప్రాజెక్టు మార్కుల్లో సగం, జట్టులో చీటీ తీసి పేరొచ్చిన పిల్లాడు చెప్పినదాన్ని బట్టి జట్టు మొత్తానికి ఇవ్వాలి. మిగతా సగం ఎవరి వాటాకు వాళ్లకు ఇవ్వాలి. అప్పుడు జిరాక్స్ షాపు ఫైలు పనికిరాదు. మాట్లాడుకునే క్లాసును చూసి మెమో ఇవ్వవద్దని తనిఖీ అధికారులకు స్పష్టంగా చెప్పాలి. నదుల కాగితాల లాంటివి ఒక టీచర్ తయారు చేస్తే మండలంలో అందరూ వాడుకోవచ్చు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం ఈసారి జరిగినప్పుడు ప్రతి టీచరూ ఒక్కో పాఠాన్ని అలా ముక్కలు చేసి తెచ్చేలా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాశాఖాధికారులు ఆదేశాలివ్వాలని కోరుతున్నాం. వంశధార మీద, చంపావతి మీద ఇంకా కాగితాలు రాయాల్సి ఉంది.