తొలి కాన్పు సెలవుకు జీతమిచ్చేది పుట్టిల్లేనా?

ఒంగోలు చుట్టుపక్కల తొలి కాన్పంటే పుట్టింటి బాధ్యత. సీమంతం చేసి కూతుర్ని తెచ్చుకుంటారు, మూడో నెలో ఐదో నెలో వచ్చాక బిడ్డతో అత్తారింటికి పంపుతారు. ఆ మధ్య తిండి, మందులు, ఆటో ఛార్జీలు అన్నీ అమ్మానాన్నలే పెట్టుకుంటారు. ఆ అమ్మ కూడా కూలికి పోయే మనిషైతే, బాలింతకు నీళ్లు పోయడానికి తనూ పని మానుకోవాలి. ఒక్క కాన్పుకు రెండు కూలీలు పోతాయి.

టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఒకామెతో ఈమధ్య మాట్లాడాను. బిడ్డకు మూడు నెలలు నిండకుండానే పనిలోకి వచ్చేసింది. బిడ్డ ఇంటి దగ్గర అమ్మమ్మ చేతుల్లో. పాలు చేపి రవిక తడిసిపోతే పైన తువ్వాలు కప్పుకుని ఆకు ఏరుతూనే ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్లగానే సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంటుంది. పొగాకు జిగురు ఓ పట్టాన వదలదు. "ఈ చేతుల్తో బిడ్డనెత్తుకోవాలంటే భయమేస్తదక్కా" అంది. ఆ మాట విన్నాక చాలాసేపు నాకు నోట మాట రాలేదు.

నిజానికి చట్టం ఆమె పక్షానే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే ఉంచారు. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. రోజుకూలీలకూ ఈ హక్కు ఉందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ (హాజరు పట్టీ) కూలీల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అయితే ఆ 80 రోజులు పనిచేసినట్టు రుజువేది? వేలం కేంద్రంలో ప్రతి పొగాకు బేలుకూ నంబరుంటుంది. ఆకు ఏరిన ఆడమనిషి పేరు మాత్రం చాలాచోట్ల మేస్త్రి నోటుపుస్తకం దాటి రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా ఉన్నచోట ఆ సెలవు జీతం ఈఎస్‌ఐ నిధి నుంచి వస్తుంది. లేనిచోట మొత్తం యజమానే ఇవ్వాలి. నెల్లూరులో పన్నెండు మందితో నడిచే ల్యాబ్‌కు ఆరు నెలల జీతం భారమే, కాదనను. అందుకే ఇంటర్వ్యూలో "పెళ్లయిందా, పిల్లలెప్పుడు?" అన్న ప్రశ్న వస్తుంది, ఉద్యోగం మగవాడికి పోతుంది. తండ్రికీ సెలవు తప్పనిసరి చేస్తే ఆ ప్రశ్నకు పదును తగ్గుతుంది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులిస్తున్నారు, ప్రైవేటులో పనిచేసే తండ్రికి చట్టం ఒక్కరోజు కూడా ఇవ్వలేదు.

కేంద్రం పథకం మాతృ వందన యోజన ఉంది కదా అంటారు. తొలి కాన్పుకిచ్చే 5,000 రూపాయల్ని 26 వారాలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా పడదు. దాన్ని జీతమని ఎలా అంటాం?

డబ్బుకు దారి లేకపోలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసే చట్టం 1996లోనే వచ్చింది. పొగాకు మీద, ఎగుమతయ్యే రొయ్య మీద అలాంటి సెస్సు వేసి, గ్రేడింగ్, ప్రాసెసింగ్ పనుల్లో ఉన్న తల్లులకు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయొచ్చు. గౌరవ వేతనం మీద పనిచేసే ఆశా కార్యకర్తలకు 180 రోజుల సెలవు ఇస్తామని 2025లో మన రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది. వాళ్లకు ఇవ్వగలిగినప్పుడు వీళ్లకెందుకు ఇవ్వలేం?

వచ్చే సీజన్ మొదలయ్యేలోగా కార్మిక శాఖ గ్రేడింగ్ షెడ్లకు వెళ్లి ఒక్కొక్కరి పేరూ మస్టర్‌లోకి ఎక్కించాలి. టంగుటూరు ఆమె చెల్లెలికి ఇప్పుడు ఐదో నెల. తనూ అదే షెడ్డులో ఆకు ఏరుతోంది.