అటెండర్ జేబు మీద నడిచే ఆఫీసు

అనంతపురం జిల్లాలోని ఒక మండల కార్యాలయంలో గుమాస్తా టేబుల్ సొరుగు తెరిచినప్పుడు, రబ్బరు బ్యాండు చుట్టిన చీటీల కట్ట ఒకటి చూశాను. మంచినీళ్ల క్యాన్లు, ఫినాయిలు, రిజిస్టర్ పోస్టు, ప్రింటర్ ఇంకు. ఒక చీటీ మీద పెన్సిలుతో ‘సోమవారం అర్జీలు, జెరాక్స్ 140’ అని రాసి ఉంది. ఆ డబ్బు ఎవరిచ్చారని అడిగితే, గుమాస్తా మాట్లాడకుండా అటెండర్ వైపు చూశారు.

‘చిల్లర ఖర్చే కదా’ అని అధికారులు తీసిపారేసే ఈ విషయాన్ని నేను అంత తేలిగ్గా తీసుకోలేను. ప్రభుత్వం చేయవలసిన ఖర్చుకు ఆఫీసులో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి చేతిచమురు వదులుతోంది.

ఇలా జరగకూడదనే శాశ్వత అడ్వాన్స్ అనే పద్ధతి పెట్టారు. చిల్లర ఖర్చుల కోసం కార్యాలయానికి ఒక మొత్తం ముందే ఇస్తారు. 3,000 రూపాయలనుకుందాం. నగదు పెట్టెలో 1,140 ఉంటే, వోచర్లు, అంటే ఖర్చుకు ఆధారమైన రసీదులు, 1,860కి ఉండాలి. ఏ రోజు, ఏ గంటలో లెక్కపెట్టినా రెండూ కలిపి 3,000 రావాలి. వోచర్లతో బిల్లు పెడితే ఖర్చయినంత తిరిగి వస్తుంది, పెట్టె మళ్లీ నిండుతుంది. అధికారి మారితే కొత్తగా వచ్చినవారు ఆ మొత్తానికి బాధ్యత తీసుకుంటూ సంతకం చేయాలి. నాకు తెలిసి ఇంతకంటే సులువైన, ఇంతకంటే గట్టి లెక్క మరొకటి లేదు.

తప్పు పద్ధతిలో లేదు, పెట్టె సరిగ్గా తిరిగి నిండకపోవడంలో ఉంది. ఎప్పుడో ఖాయం చేసిన మొత్తం నేటి ధరలకు వారం కూడా చాలదు. బిల్లు పెట్టాలంటే ఆ పద్దు కింద బడ్జెట్ విడుదలై ఉండాలి. 2018 నుంచి రాష్ట్రంలో బిల్లులు సీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థ ద్వారా ఆన్‌లైన్‌లో వెళ్తున్నాయి, సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాకు చేరుతుంది. పెద్ద చెల్లింపులకు ఇది మంచి మార్పే. కానీ ఫైళ్ల మూటను కలెక్టరేట్‌కు చేర్చిన ఆటో డ్రైవరుకో, ఫ్యాను బాగుచేసిన కుర్రవాడికో బిల్లు మంజూరయ్యేదాకా ఆగమని ఎలా చెబుతారు? అప్పటికప్పుడు ఎవరో ఒకరు జేబులోంచి తీసి ఇస్తారు.

ఇప్పుడు దీనికి ఫోన్‌పే తోడైంది. సొంత ఖాతా నుంచి కట్టి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. డబ్బు ఎవరికి వెళ్లిందో అది చెబుతుంది కానీ, ఏం కొన్నారో, ఎన్ని కొన్నారో చెప్పదు. దుకాణదారు రసీదు, దాని మీద అధికారి సంతకం లేకపోతే అది వోచర్ కాదు. పైగా ఇంటి డబ్బు, ఆఫీసు డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాక నిజాయితీపరుడు కూడా తన లెక్క తాను నిరూపించుకోలేడు.

అసలు ప్రమాదం దీని తర్వాతే మొదలవుతుంది. సర్టిఫికెట్ కోసం వచ్చిన రైతును ‘కాగితాల కట్ట ఒకటి తెచ్చిపెట్టు పెద్దాయనా’ అని అడుగుతారు. అడిగేవారికి అది లంచంలా తోచదు, ఆఫీసు అవసరంలా తోస్తుంది. ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషికి మాత్రం పని జరగాలంటే ఏదో ఒకటి ఇచ్చుకోవాలన్న సంగతి ఆ రోజే అర్థమవుతుంది. కాగితాల కట్ట కొన్నాళ్లకు నోట్లుగా మారితే అడ్డుకునే నైతిక బలం ఆ కార్యాలయంలో ఎవరికి మిగులుతుంది?

ఆడిట్‌కు వచ్చినవారు 200 రూపాయలకు వోచర్ లేదని అభ్యంతరం రాస్తారు. రాయాల్సిందే. అయితే అడ్వాన్స్ ఖాళీగా ఉన్న నెలల్లో ఆఫీసు ఎవరి డబ్బుతో నడిచిందని కూడా వారు అడగాలి. వోచర్ లేని ఖర్చు ఎంత తప్పో, ఖర్చే కనిపించని క్యాష్ బుక్కూ అంతే తప్పు. నీళ్లు, జెరాక్స్ లేకుండా ఏ మండల కార్యాలయమూ నెల రోజులు నడవదు.

జిల్లా స్థాయిలో చేయగలిగిన పనులున్నాయి. ఒక ఏడాది అసలు ఖర్చు చూసి అడ్వాన్స్ మొత్తాన్ని పెంచాలి. తిరిగి నింపే బిల్లును నెలకోసారి తప్పనిసరిగా పంపాలి. నెలాఖరున నగదు సరిచూసి సంతకం చేసే అధికారి, ఆ సంతకం పక్కనే సిబ్బందికి ఆఫీసు ఎంత బాకీ ఉందో, ఎవరికి ఎన్నాళ్లుగా ఉందో పేరుతో సహా రాయాలి. ఆ అంకె ప్రతి నెలా కలెక్టర్ టేబుల్ మీదకు వెళ్లాలి.