వాషర్ ఏది సార్?

విజయవాడ పటమట వైపు ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కారు ఆయిల్ సొంతంగా మార్చుకోవాలని తీర్మానించారు. డబ్బులకు వెనకాడి కాదు, ఆయిల్‌ని వడకట్టే ఫిల్టరు మీద పట్టుదలతో. "షెడ్డుకి పంపితే అట్టముక్క బిగించి పంపుతారండీ" అని ఆయన బాధ. సింథటిక్ మీడియా ఫిల్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించి, ఆదివారం పొద్దున్నే దాన్ని చేతపట్టుకుని సెల్లార్‌లో నిలబడ్డారు. పాల ప్యాకెట్ కోసం దిగిన ప్రతివాడికీ క్లాసు తప్పలేదు.

క్లాసులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మామూలు ఫిల్టర్‌లో ఉండేది రెసిన్ పట్టించి మడతలు పెట్టిన కాగితం. దాని పీచు లావు, అదీ ఒక్కో చోట ఒక్కో మందం, అందుకే సందులు ఎగుడుదిగుడుగా పడతాయి. తడి తగిలితే ఉబ్బుతుంది, వేడి ఆయిల్‌లో నెలల తరబడి ఉడికి పెళుసెక్కుతుంది. సింథటిక్‌లో వాడేది గాజు పోగులు, పాలిస్టర్ పోగులు. మనిషి వెంట్రుక 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే ఈ గాజు పోగు కొద్ది మైక్రాన్లే. పోగు సన్నబడేకొద్దీ అదే జాగాలో సందులు ఎక్కువ. మురికి పైపైన పేరుకోకుండా లోపలిదాకా పడుతుంది, ఆయిల్‌కి అడ్డు తగ్గుతుంది. కాకపోతే గాజు పోగుకి తనంతట తాను నిలబడే సత్తువ లేదు, వెనకాల వైరు మెష్షో పాలిస్టర్ పొరో దన్ను ఉండాలి.

"20 మైక్రాన్ల మురికిని ఆపుతుంది అని రాస్తే సరిపోదు మాస్టారూ, ఎంత శాతం ఆపుతుందో రాయాలి. ఇదిగో, 99 శాతం! ఐఎస్‌ఓ 4548-12 పరీక్ష!" అని డబ్బా తిప్పి చూపించారు. నిజమే, శాతం లేని మైక్రాన్ లెక్క కొనేవాడికి ఎందుకూ పనికిరాదు.

"మరి మురికితో నిండిపోతే?" అన్నారు మూడో అంతస్తు మాస్టారు. అడక్కుండా ఉండాల్సింది. బైపాస్ వాల్వు పురాణం మొదలైంది. ఫిల్టర్‌కి అటూ ఇటూ పీడనంలో సుమారు ఒక బార్ (మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) తేడా వస్తే ఆ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే ఇంజన్‌కి పంపేస్తుంది. బేరింగులకు అసలు ఆయిలే అందకపోవడం కన్నా మురికి ఆయిల్ నయం. ఈ పాఠం అయ్యేసరికి మాస్టారి పాలు విరిగే వేళయింది.

తర్వాత పని. అయిదు నిమిషాలు ఇంజన్ ఆడించారు, వేడెక్కితే ఆయిల్ త్వరగా దిగుతుందని. డ్రెయిన్ బోల్టు విప్పి కింద బేసిన్ పెట్టారు. పాత ఫిల్టర్ ఓ పట్టాన తిరగలేదు; దానికి గరుకు కాగితం చుట్టి తిప్పితే పట్టు దొరికింది. ఆయిల్ మోచేతి దాకా కారింది, పర్లేదు, అది మామూలే. కొత్త ఫిల్టర్ రబ్బరు వాషర్‌కి వేలితో ఆయిల్ రాసి, వాషర్ ఆనాక చేత్తో ముప్పావు చుట్టు బిగించారు. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేశారు. కొలిచి మూడున్నర లీటర్లు పోశారు. అంతా డబ్బా మీద రాసినట్టే.

స్టార్ట్ చేశారు. రెండు క్షణాలు ప్రశాంతం.

"అయ్యగారూ, కారుతోందండీ!" అన్నాడు వాచ్‌మన్.

"పాత చుక్కలేలే" అంటూ యాక్సిలరేటర్ మీద కాలు కాస్త నొక్కారు సెక్రటరీ గారు. గోలీసోడా కొట్టినట్టు ఇంజన్ కింద నుంచి బుస్సుమంది. ఆయిల్ పీడనం పడిపోయిందని చెప్పే ఎర్ర దీపం వెలిగి, ఆయన ఇంజన్ ఆపేలోపు సగానికి పైగా ఆయిల్ పక్కింటివాళ్ల పార్కింగ్ గీత దాటేసింది.

ఆటోనగర్ నుంచి మేస్త్రి బండి మీద వచ్చాడు. కారు వైపు చూడనైనా లేదు. బేసిన్‌లో పడున్న పాత ఫిల్టర్ తీసి, అంచు చుట్టూ వేలు తిప్పాడు.

"దీని వాషర్ ఏది సార్?"

అది ఇంజన్‌కే ఉంది. వేడికి అతుక్కుపోయి అక్కడే ఆగిపోయింది, దాని మీదే కొత్తది ఎక్కింది. వాషర్ ఒక్కటైతే ఫిల్టర్ గాడిలో కూర్చుని, చదునైన లోహం మీద ఒదిగి మూడు నాలుగు బార్ల పీడనం తట్టుకుంటుంది. రెండైతే నూనె రాసిన రబ్బరు మీద రబ్బరు. పీడనం రాగానే జారి పక్కకి తన్నుకొస్తుంది. చేత్తో బిగించేటప్పుడు మాత్రం గట్టిగానే ఉన్నట్టనిపిస్తుంది, అదే మోసం. ఫిల్టర్ విప్పగానే ఇంజన్ వైపు గుడ్డతో తుడిచి వేలు పెట్టి చూస్తే పది సెకన్ల పని.

రంపపు పొట్టు తెచ్చి నేల మీద పరిచారు. బేసిన్‌లో ఆయిల్ బందరు కాలవలో పోసొస్తానన్న వాచ్‌మన్‌ని ఆపి, మేస్త్రి దాన్ని డబ్బాలో పట్టుకున్నాడు. వాడేసిన ఆయిల్ కొనేవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. గాజు ఫిల్టర్ బాగానే ఉంది గానీ దాని వాషర్ చిరిగింది. ఆదివారం, షాపులు లేవు. మేస్త్రి బండి డిక్కీలోంచి ఒక ఫిల్టర్ తీశాడు.

"ఇది... కాగితమేనా?" అన్నారు సెక్రటరీ గారు, గొంతు తగ్గించి.

"కాగితమే సార్. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకి మార్చేస్తే ఢోకా లేదు."

సెక్రటరీ గారు ఫిల్టర్ అందుకుని, తలకిందులు చేసి, కళ్లజోడు సవరించుకుని చూశారు.

"వాషర్ ఒకటేగా?"

"దీనికి ఒకటే సార్. రెండోది మీ చేతిలో ఉంది, అవతల పారేయండి."