వాగ్దాన కార్డు గారికి వందనాలతో

డిసెంబర్ 31 రాత్రి మా చర్చిలో అసలు హీరో అయిన వాగ్దాన కార్డు గారికి,

పన్నెండు కొట్టగానే మిమ్మల్ని ట్రేలో బోర్లా పరిచి, లైన్లో వచ్చేవాళ్ల ముందు పట్టుకునేది నేనే. ఒక్కొక్కరూ ఒక కార్డు తీసి, దానిమీది బైబిల్ వచనమే కొత్త ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అనుకుంటారు. కాబట్టి మన మధ్య మొహమాటాలెందుకు?

మీ దయవల్ల ఈ ఏడాది మా సంఘంలో ఒక కుర్రాడికి దేవుని సేవకు, అంటే బోధకుడు కావడానికి, పిలుపు వచ్చింది. బీటెక్ అయింది, ఉద్యోగం రాలేదు. కార్డు తీశాడు. సూర్యోదయం బొమ్మ మీద "నీకు తోడైయున్నాను భయపడకుము" అని ఉంది. అంతే, ఫిక్స్ అయిపోయాడు. తెల్లారేసరికి వాట్సాప్‌లో పేరు ముందు 'బ్రదర్' చేరింది.

తమాషా ఏంటంటే, వాడి వెనక నిలబడ్డ ఆంటీకీ అదే వచనం వచ్చింది. కూతురికి వీసా ఖాయమని ఆవిడ స్తోత్రం చెప్పుకుంది. ఆ వెనక రైతుకూ అదే. ఆయన బోరులో నీళ్లు పడతాయన్నాడు. ప్రెస్సులో ఒకే షీటు మీద అచ్చేసి కోస్తారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నచ్చని వచనమొస్తే "అన్నా, ఇంకోటి తీసుకుంటా" అనేవాళ్లు ఎటూ ఉన్నారు, దేవుడికి సప్లిమెంటరీ రాసే అవకాశం ఇస్తున్నట్టు.

యెషయా 6:8 అంటే మీకు ప్రాణం. "నేనున్నాను నన్ను పంపుము" అని బంగారు రంగులో మెరిసిపోతుంటారు. అంతకు మూడు వచనాల ముందే ఆ మాటన్న యెషయా ప్రవక్త తాను అపవిత్రమైన పెదవులవాడినని గోలపెట్టాడు. ఆ వెంటనే, ఈ జనం వింటారు గానీ గ్రహించరని దేవుడే చెప్పాడు. అవి మీ మీద ఎప్పుడూ కనబడవేం? గులాబీ పువ్వు అడ్డొచ్చిందా?

అసలు పిలుపు వచ్చినవాళ్లలో ఎగిరి గంతేసినవాళ్లు తక్కువండీ. మోషే నాకు మాట రాదు, ఇంకెవరినైనా పంపమన్నాడు. యిర్మీయా నేను చిన్నపిల్లాణ్ణన్నాడు. యోనా దేవుడు పంపినచోటికి పోకుండా ఏకంగా తర్షీషు ఓడెక్కి పారిపోయాడు. సమూయేలు ఆ గొంతు ఎవరిదో తెలీక మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. పిలిచేది దేవుడని పోల్చింది చూపు మందగించిన ఆ ముసలాయనే.

యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లేసి ఎన్నుకోలేదా అని మీ తరఫు లాయర్లు అడుగుతారు. ఎన్నుకున్నారు. కానీ చీట్లదాకా వచ్చింది ఇద్దరే, ఇద్దరూ యోహాను బాప్తిస్మం నాటినుంచి యేసు శిష్యులతో తిరిగినవాళ్లే. అంతెందుకు, మన ఒంగోలు వైపు తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, ఏ కార్డూ తీయకుండానే తనవాళ్లకు సువార్త చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక చిన్న విన్నపం. వచ్చే ఏడాది మీ కట్టలో యాకోబు 3:1 ఒక్కటి కలపండి: "మీలో అనేకులు బోధకులు కాకుండుడి." బొమ్మ మీ ఇష్టం.

ఇక మా కుర్రాడు. పాస్టర్ గారు అవుననలేదు, కాదనలేదు. పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దాయనకి శనివారం శనివారం బైబిల్ చదివి రమ్మన్నారు. ఆయనకి చెవుడు. ఒక్కో వచనం రెండుమూడుసార్లు అరవాలి. మధ్యలో దుప్పటి తడిస్తే మార్చాలి. మైకు లేదు, ఫేస్‌బుక్ లైవ్ అసలే లేదు. మొదటి వారం తిరిగొచ్చినప్పుడు వాడి ముఖం మీరు చూడాల్సింది!

అయినా మానలేదు. మొన్న ఆ ఇంటి కోడలు నన్ను ఆపి, "అన్నా, శనివారం ఆ బాబు వచ్చేదాకా మామయ్య అన్నం ముట్టట్లేదు" అంది. ఆ మాట వాడికి చెప్తే, కాసేపు ఆగి, "అయితే నాకు పిలుపు ఉన్నట్టేనా అన్నా?" అన్నాడు.

బైబిల్ కాలేజీ ఫారం తెచ్చుకో, సంఘం తరఫున నేను సంతకం పెడతానన్నాను. తెచ్చాడు. పిలుపు ఎలా తెలిసిందో రాయమని అందులో ఒక గడి ఉంది. అక్కడ మాత్రం మీ పేరు రాయొద్దని చెప్పాను. ఏమనుకోకండి.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద