గల్లాపెట్టె దగ్గరి మాట వెబ్ పేజీకి ఎందుకు ఎక్కదు?

ఇచ్ఛాపురం దాటి పాతిక కిలోమీటర్లు వస్తే బరంపురం. పెళ్లి బట్టల కోసం శ్రీకాకుళం వైపు నుంచి ఇప్పటికీ జనం ఇక్కడికి వస్తారు. పట్టుచీరల దుకాణంలో పెద్దాయన చీర మడత విప్పి, అంచు మీద గుడి గోపురంలా లేచిన కుంభం మీద వేలు పెట్టి, "ఇది ఫోడా కుంభం తల్లీ, పెళ్లికొడుకు కట్టుకోవడానికి ఇందులోనే జోడ కూడా ఉంది" అని మొదలుపెడతాడు. ఏ మగ్గం మీద నేసింది, బరువెంత, ఎలా ఉతకాలి, పదేళ్ల తర్వాత ఎలా ఉంటుంది, అన్నీ చెబుతాడు. అదే దుకాణం ఆన్‌లైన్ పేజీ తెరిస్తే కనబడేది ఇంతే: "సిల్క్ శారీ, రెడ్, బెస్ట్ క్వాలిటీ."

మన సరిహద్దు జిల్లాల ఆన్‌లైన్ దుకాణాలు గూగుల్ వెతుకులాటలో వెనకబడడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. సైట్ వేగం, ఫోన్‌లో సరిగ్గా తెరుచుకోవడం ముఖ్యమే. కానీ పేజీలో చదవడానికి ఏమీ లేనప్పుడు సెర్చ్ ఇంజిన్ దేన్ని పట్టుకుని చూపించాలి?

ముందు పేరు సంగతి చూద్దాం. మనకు బరంపురం, ఇంగ్లిష్‌లో బెర్హంపూర్, ఒడియాలో బ్రహ్మపూర్. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా ఇంగ్లిష్‌లో దాదాపు ఇదే, పైగా అదీ పట్టుకు పేరుపడ్డ ప్రాంతమే. "బెర్హంపూర్ సిల్క్" అని మాత్రమే రాసి వదిలేస్తే మన చీర ఏ ఊరిదో యంత్రానికే కాదు, కొనేవాళ్లకూ తెలియదు. ఒడిశా, గంజాం జిల్లా, ఫోడా కుంభం అంచు, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న నేత అని ఒక్క వాక్యం రాస్తే ఆ గందరగోళం చాలావరకు తీరుతుంది. ఒడియాలో పట్టును పాట అంటారు. "తెలుగువాళ్లు బరంపురం పట్టు అని, ఒడియావాళ్లు బ్రహ్మపురి పాట అని పిలిచే చీర" అని రాస్తే రెండు భాషల వాళ్లు వెతికే మాటలూ సహజంగా ఒకేచోట పడతాయి. ఈ పని యంత్రానువాదానికి వదిలేస్తే ఆ పట్టు కాస్తా పాడుకునే పాట అయిపోయే ప్రమాదం ఉంది. గంజాం, గజపతి, రాయగడల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లు ఎందరో ఉన్నారు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టో, ఫోన్‌కు నోటితో చెప్పో వెతుకుతారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ నాకైతే ఇంతవరకు తగల్లేదు.

మా పిన్నివాళ్లు బరంపురంలో అప్పడాలు చేసి అమ్ముతారు. సైట్ చేసిపెట్టినాయన డబ్బు తీసుకుని, పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో "బెస్ట్ అప్పడం, చీప్ అప్పడం" అని యాభై సార్లు రాసిపెట్టాడు. దాచిన అక్షరాలను గూగుల్ మోసం కింద లెక్కేస్తుంది. ఆయన గొప్పగా చూపించిన కీవర్డ్స్ ట్యాగ్‌నైతే (పేజీ కోడ్‌లో కనబడకుండా పెట్టే వెతుకుడు మాటల జాబితా) ర్యాంకింగ్‌కు, అంటే ఏ పేజీ ముందు రావాలో తేల్చడానికి, అసలు వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇక ధరల పట్టిక మొత్తం ఒకే ఫొటో, సెర్చ్ ఇంజిన్ చదువుకోవడానికి పేజీలో అక్షరాలే లేవు. అది చూసి నాకు నిజంగా కడుపు మండింది. తెల్లవారుజామున లేచి పిండి దంచేవాళ్ల కష్టార్జితం అది.

అన్నీ తీసేసి మళ్లీ రాశాం. ఒక్కో రకానికి ఒక్కో పేజీ. పిన్నికి వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలే మాకు పాఠ్యం: మిరియాలదా, జీలకర్రదా? నూనె పీలుస్తుందా? నిప్పుల మీద కాల్చుకోవచ్చా? కట్టకు ఎన్ని వస్తాయి? ఎన్నాళ్లు నిలవ ఉంటాయి? జవాబులు ఆవిడ మాటల్లోనే పెట్టాం. ధర, స్టాక్ ఉందో లేదో సెర్చ్ ఇంజిన్ చదవగలిగేలా ప్రొడక్ట్ స్కీమాలో (సరుకు వివరాలను పేజీ కోడ్‌లో రాసే పద్ధతి) ఇచ్చాం. వారంలో అద్భుతాలేమీ జరగలేదు. కొన్ని నెలలకు మాత్రం దుకాణం పేరు తెలియనివాళ్ల దగ్గర్నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది.

హోల్‌సేల్ వ్యాపారి ఇచ్చిన వివరణనే పది దుకాణాలు అతికించుకుంటే గూగుల్ సాధారణంగా అందులో ఒకదాన్నే చూపిస్తుంది, అది మన చిన్న దుకాణం కావడం కష్టం. సారం లేని పేజీలను వెనక్కి నెట్టే "పాండా" అనే గూగుల్ మార్పు 2011లోనే వచ్చింది. ఏఐతో వందల పేజీలు గుప్పిస్తే సరిపోతుందనుకునేవాళ్లు, ర్యాంకింగ్ కోసమే గుట్టలుగా తయారుచేసే పేజీలకు వ్యతిరేకంగా గూగుల్ 2024 మార్చిలో తెచ్చిన నిబంధన చదువుకోవాలి.

ఫొటోల విషయమూ అంతే. పర్లాకిమిడి కొమ్ము బొమ్మ ఫొటోకు కెమెరా ఇచ్చిన నంబరే పేరుగా ఉంటే దాన్నెవరు వెతుకుతారు? "పర్లాకిమిడి కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ, ఆరు అంగుళాలు" అని ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోలో ఏముందో చెప్పే చిన్న వివరణ) రాయడానికి అర నిమిషం చాలు.

చేనేత దుకాణాలు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ఒక్కటే ఉన్న చీర అమ్ముడైతే పేజీని చెరిపేస్తారు. దాంతో ఆ పేజీ అన్నాళ్లూ సంపాదించుకున్న చోటు పోతుంది. చీరకో పేజీ బదులు ఫోడా కుంభం రకానికి ఒక శాశ్వత పేజీ ఉంచి, అందులో చీరలు మారుస్తూ ఉండాలి. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర చెప్పే మాటలను ఫోన్‌లో రికార్డు చేస్తే ఆ పేజీకి కావలసిందంతా ఒక్క మధ్యాహ్నంలో సిద్ధమవుతుంది.

మొన్న పిన్ని పేజీకి కొత్త ప్రశ్న ఒకటి చేర్చాం: వానాకాలంలో మెత్తబడితే ఏం చేయాలి? జవాబు ఆవిడ తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పింది. రెండూ పెట్టాం.