రోగి మంచం దగ్గరే అసలు పాఠం

ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి కొత్త పాఠ్యప్రణాళిక అమలవుతోంది. విద్యార్థికి ఎంత తెలుసన్నదాని కన్నా, డాక్టరుగా ఏం చేయగలడన్నది ముఖ్యమని దాని సారం. మొదటి ఏడాది నుంచే రోగులను చూడాలంటుంది. రోగితో మర్యాదగా మాట్లాడటం, చెడు వార్త చెప్పడం, పరీక్షించే ముందు అనుమతి అడగడం కూడా అందులో పాఠాలే. ఇది మంచి ప్రణాళిక. మా అసంతృప్తి దాని మీద కాదు, దాన్ని నేర్పే తీరు మీద.

తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో నిజంగా చేయడం అని వైద్య నైపుణ్యానికి నాలుగు మెట్లను అమెరికా వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లోనే చెప్పారు. మొదటి రెండు మెట్లను రాతపరీక్షతో కొలవొచ్చు. మూడో మెట్టుకు వచ్చేసరికి పక్కన నిలబడి చూసే గురువు కావాలి. పదినిమిషాలు ఓపిగ్గా గమనించి, 'నొప్పి ఎప్పటినుంచని అడిగావు, ఏ మందులు వాడుతోందో అడగలేదు' అని అక్కడికక్కడే చెప్పేవారే మంచి టీచరని వైద్యవిద్య మీద పనిచేసినవారు దశాబ్దాలుగా అంటున్నారు. 'సార్ క్లినిక్స్ (రోగి దగ్గర చెప్పే పాఠం) బాగా చెప్తారు' అని విద్యార్థులు మెచ్చుకునేదీ ఇలాంటివారినే. ఏమేం నేర్చుకున్నారో విద్యార్థులు రాసే లాగ్‌బుక్కులన్నీ నెలాఖరున ఒకేసారి ముందు పెట్టి సంతకాలు చేయించుకుంటే మిగిలేది కాగితమే.

తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జిల్లాలకు వైద్యవిద్య రావడం మేం మనసారా కోరుకున్నదే. కానీ ఒక మంచం చుట్టూ ఇరవైమంది మూగితే, వెనక వరుసలోని పిల్లలు రోగి పొట్ట మీద చెయ్యి వేసేదెప్పుడు? టీచర్ల పదోన్నతి నిబంధనల్లో పరిశోధన పత్రాలకు లెక్క ఉంది, వార్డులో బోధనకు లేదు. చదువు పూర్తిచేసి ఏడాదిపాటు ఆస్పత్రిలో శిక్షణ పొందే హౌస్ సర్జన్లకేమో పీజీ ఎంట్రన్స్ టెన్షన్. వార్డులో నేర్చుకోవాల్సిన ఆ ఏడాది కాస్తా ఎంసీక్యూల (ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకునే ప్రశ్నల) పాలవుతోంది.

అందుకే రెండు పనులు వెంటనే జరగాలి. టీచర్లు వార్డులో ఎలా నేర్పుతున్నారో సహ అధ్యాపకులు, విద్యార్థులు ఇచ్చే అంచనాను జాతీయ వైద్య కమిషన్ పదోన్నతిలో లెక్కించాలి. రోగితో తెలుగులో మాట్లాడి, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడాన్ని ఎన్టీఆర్, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో మార్కులున్న అంశంగా చేర్చాలి. మార్కులుంటేనే పిల్లలు చదువుతారు, టీచర్లూ దానికి సమయం ఇస్తారు.